పంటి ఆపరేషన్‌కు ముందు పిల్లలకు మత్తు: ఇంటి దగ్గర బయలుదేరినప్పటి నుంచి తిరిగి వచ్చే వరకు

"కొంచెం మత్తు ఇస్తే చాలు డాక్టరమ్మా, పూర్తి మత్తు మాత్రం వద్దండీ" అని అడగని తల్లిదండ్రులు నాకు అరుదుగా కనిపిస్తారు. విజయవాడ సూర్యారావుపేటలోనూ, గుంటూరు కొత్తపేట, బ్రాడీపేటల్లోనూ పిల్లల దంత వైద్యులు పిలిచినప్పుడు వెళ్లి మత్తు ఇవ్వడం నా వృత్తి. ఆ మాట వెనుక ఉన్న భయం నాకు బాగా తెలుసు. అయితే నోటి లోపల జరిగే పని విషయంలో ఆ లెక్క చాలాసార్లు తలకిందులవుతుంది. తగిన ఏర్పాట్లు లేని గదిలో ఇచ్చే "కొంచెం మత్తు" కంటే, అన్నీ అమర్చిన ఆపరేషన్ థియేటర్‌లో ఇచ్చే పూర్తి మత్తే బిడ్డకు ఎక్కువ క్షేమం కావచ్చు. ఈ సంగతి తెలిసిన తల్లిదండ్రులు సరైన ప్రశ్నలు అడుగుతారు, సరైన సమాధానాలు రాబడతారు. అందుకే ఇది రాస్తున్నాను.

మత్తు అవసరమా, ఏ రకం మత్తు

కుర్చీ ఎక్కగానే ఏడ్చిన ప్రతి బిడ్డకూ మత్తు అక్కరలేదు. ఒకటి రెండు పిప్పి పళ్లు మాత్రమే ఉండి, నొప్పి, వాపు లేకుండా, బిడ్డకు అయిదేళ్లు దాటి ఉంటే, పిల్లల దంత వైద్యంలో శిక్షణ పొందినవారు ముందు మాటలతో చెప్పి, తరువాత చూపించి, ఆ తరువాతే చేస్తూ, రెండు మూడు రోజుల్లో మెల్లగా మచ్చిక చేసుకోగలరు. మూడేళ్లు నిండని బిడ్డకు రాత్రిపూట సీసా పాలు నోట్లో పెట్టుకొని నిద్రపోయే అలవాటు వల్ల ఎనిమిది పది పాలపళ్లు పుచ్చిపోయినప్పుడు, బుగ్గ వాచి చీము చేరినప్పుడు, ఆటిజం వంటి స్థితి వల్ల బిడ్డ కుదురుగా కూర్చోలేనప్పుడు, లేదా గతంలో ఎవరో చేతులూ కాళ్లూ బిగించి పట్టుకొని పన్ను పీకిన చేదు అనుభవం ఉన్నప్పుడు మత్తు గురించి ఆలోచించాలి. "పాలపళ్లే కదా, ఎలాగూ ఊడిపోయేవే" అని వాయిదా వేయకండి. వెనుక దవడ పాలపళ్లు పదేళ్ల నుంచి పన్నెండేళ్ల వయసు దాకా ఉండవలసినవి.

మత్తులో అన్నిటికంటే తేలికైనది లాఫింగ్ గ్యాస్ అని అందరూ పిలిచే నైట్రస్ ఆక్సైడ్. 1844 డిసెంబరులో అమెరికాలో హోరేస్ వెల్స్ అనే దంత వైద్యుడు దీన్ని పీల్చి తన పన్నే పీకించుకున్నాడు. ఈనాటికీ దంత వైద్యంలో దీనికి సాటి వచ్చేది తక్కువ. ముక్కు మీద మాత్రమే ఆనే చిన్న మెత్తని మాస్కు పెడతారు. దాని గొట్టానికి తగిలించిన రబ్బరు సంచి బిడ్డ ఊపిరి తీసినప్పుడల్లా ముడుచుకొని, వదిలినప్పుడల్లా ఉబ్బుతుంది. "ఆ బుడగను నువ్వే ఊదుతున్నావు, చూడు" అని చెబితే నాలుగేళ్ల బిడ్డ కూడా కళ్లార్పకుండా దాన్నే చూస్తూ ఉండిపోతుంది. గ్యాసులో ఆక్సిజన్ ఎప్పుడూ కనీసం 30 శాతం ఉండేలా యంత్రంలోనే కట్టుదిట్టం ఉంటుంది. పని అయ్యాక సుమారు అయిదు నిమిషాలు శుద్ధ ఆక్సిజన్ ఇస్తే ప్రభావం దిగిపోతుంది. బిడ్డ మెలకువగానే ఉంటుంది, మాట్లాడితే పలుకుతుంది; భయం మాత్రం తగ్గుతుంది. అయితే ముక్కుతో గాలి పీల్చగలిగితేనే ఇది పనిచేస్తుంది. కనుక జలుబు చేసి ముక్కు మూసుకుపోయిన బిడ్డకూ, మాస్కు దగ్గరకు రానివ్వక గుక్కపట్టి ఏడ్చే బిడ్డకూ ఇది ఉపయోగపడదు. చెవి ఇన్ఫెక్షన్ ఉన్నా, ఈమధ్య చెవికి ఆపరేషన్ జరిగినా ఆ సంగతి ముందే చెప్పాలి.

దాని తరువాతది మిడజోలం అనే మత్తు మందు. నోటి ద్వారా తాగిస్తే ఇరవై ముప్పై నిమిషాలకు, ముక్కులో స్ప్రేగా కొడితే పది పదిహేను నిమిషాలకు పనిచేస్తుంది. తాగే మందు చేదుగా ఉంటుంది, స్ప్రే ముక్కులో మంట పుట్టిస్తుంది. ఈ రెండూ బిడ్డకు ముందే తెలియడం మంచిది. దీని మేలు ఏమిటంటే, జరిగిన పని చాలావరకు బిడ్డకు గుర్తుండదు. కొద్దిమంది పిల్లల్లో మాత్రం ఇది నిద్రకు బదులు ఉద్రేకాన్ని, ఆపలేని ఏడుపును తెస్తుంది. ఇది ఎంత ఇవ్వాలో కావాలనే రాయడం లేదు, ఎందుకంటే ఏ మత్తు మందునూ ఇంటి దగ్గర పట్టించి తీసుకురాకూడదు. దారిలో ఆటోలో నిద్రలోకి జారిన బిడ్డ తల ముందుకు వాలి ఊపిరి అడ్డుపడితే, ఆ క్షణంలో గమనించేవారు ఎవరూ ఉండరు. డెక్స్‌మెడిటోమిడిన్, కీటమిన్ వంటి మందులు కూడా వాడతాం. ఏ బిడ్డకు ఏది అన్నది పరీక్షించిన వైద్యుల నిర్ణయం.

"కొంచెం" అన్న మాటలోని చిక్కు

మత్తుకు మెట్లు లేవు, జారుడుబల్లలా ఏటవాలే ఉంది. తేలిక మత్తు అనుకొని ఇచ్చిన మోతాదులోనే ఒక బిడ్డ గాఢనిద్రలోకి జారవచ్చు. పసిపిల్లల శరీరం, బరువుతో పోల్చి చూస్తే, పెద్దవారి కంటే దాదాపు రెట్టింపు ఆక్సిజన్ ఖర్చు చేస్తుంది. ఊపిరితిత్తుల్లో నిల్వ మాత్రం తక్కువ. నాలుక నోటికి పెద్దది, గొంతు దారి ఇరుకు. ఊపిరి ఆగితే పెద్దవారిలో చిక్కే వ్యవధి పిల్లల్లో చిక్కదు.

పైగా ఇది చేతికో కాలికో చేసే ఆపరేషన్ కాదు. దంత వైద్యులు పనిచేసే చోటూ, బిడ్డ ఊపిరి తీసే దారీ ఒకటే. డ్రిల్లు నుంచి నీళ్లు పడుతుంటాయి, రక్తం కారుతుంది, పీకిన పన్ను చేజారవచ్చు. మెలకువగా ఉన్న బిడ్డ దగ్గుతుంది, ఉమ్ముతుంది. పూర్తి మత్తులో అయితే ముక్కు ద్వారా శ్వాసనాళంలోకి గొట్టం వేసి, గొంతు దగ్గర తడి గుడ్డ సర్ది, దారిని భద్రపరుస్తాం. ఈ రెంటికీ నడుమ, గొట్టం లేకుండా గాఢంగా నిద్రపోతున్న బిడ్డకు ఒక్క నీటి చుక్క స్వరతంత్రుల మీద పడినా అవి బిగుసుకొని గాలి ఆగిపోవచ్చు. అందుకే ఎక్కువ పళ్లకు పని ఉన్నప్పుడు, పని గంట దాటుతుందనుకున్నప్పుడు నేను సగం మత్తుకు ఒప్పుకోను. థియేటర్‌లో పూర్తి మత్తు ఇచ్చి, ఒకేసారి అన్ని పళ్లూ పూర్తి చేయించమంటాను.

"మెదడు మందగించదా?" అన్నది ఆ వెంటనే వచ్చే ప్రశ్న. పసికందులుగా ఉన్నప్పుడు గంటలోపు పూర్తి మత్తు తీసుకున్న పిల్లలను అయిదేళ్ల వయసులో పరీక్షించి, 2019లో ప్రకటించిన అంతర్జాతీయ అధ్యయనంలో వారి తెలివితేటలకు తేడా కనిపించలేదు. మూడేళ్లలోపు పిల్లలకు మూడు గంటలు మించిన మత్తు గురించి, పదే పదే ఇచ్చే మత్తు గురించి 2016లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరిక చేసింది. నాలుగు సార్లు నాలుగు సగం మత్తులకు బదులు ఒకసారి చక్కగా ముగించమని నేను చెప్పడానికి ఇది కూడా ఒక కారణం.

ఒప్పుకునే ముందు అడగవలసినవి

మొదటి ప్రశ్న ఒక్కటే అడగగలిగితే ఇది అడగండి: "మత్తు ఇచ్చి బిడ్డను చూస్తూ ఉండేది ఎవరు? పన్ను పని చేసే డాక్టరు గారేనా, వేరొకరా?" నైట్రస్ ఒక్కటే అయితే శిక్షణ పొందిన దంత వైద్యులే ఇవ్వవచ్చు. అంతకు మించిన మత్తుకు మాత్రం, పంటి వైపు చూడక బిడ్డ ఛాతీ వైపే చూస్తూ ఉండే మనిషి విడిగా ఉండాలి. గాఢమైన మత్తుకు మత్తు వైద్యులే ఉండాలి. ఈ ప్రశ్నకు చిరాకుపడే చోట సంతకం పెట్టవలసిన అవసరం మీకు లేదు.

తరువాత పరికరాల సంగతి. వేలికి పెట్టే పల్స్ ఆక్సిమీటర్ కరోనా రోజుల నుంచి అందరికీ తెలిసినదే. కానీ అది ఊపిరి ఆగిన కాసేపటికి గానీ అంకె తగ్గించి చూపదు. వదిలే గాలిని కొలిచే కాప్నోగ్రాఫ్ ఆ క్షణంలోనే పట్టేస్తుంది కనుక అది ఉందా అని అడగండి. నిండిన ఆక్సిజన్ సిలిండరుతో పాటు మరొకటి నిల్వ ఉందా, చేత్తో నొక్కి ఊపిరి అందించే అంబు బ్యాగ్ పిల్లల సైజు మాస్కుతో ఉందా, కరెంటు పోతే నోట్లోని నీళ్లు, రక్తం లాగేసే సక్షన్ ఆగకుండా ఏర్పాటు ఉందా, అత్యవసరమైతే ఏ ఆసుపత్రికి తరలిస్తారు అన్నవి కూడా అడగండి. ఇంత ఏర్పాటు చిన్న క్లినిక్కుల్లో లేకపోవడం తప్పు కాదు. లేని చోట లోతైన మత్తు ఇవ్వడమే తప్పు. విజయవాడ ప్రభుత్వ దంత వైద్య కళాశాలలోనూ, గుంటూరు పక్కన తక్కెళ్లపాడులోని సిబార్ దంత కళాశాలలోనూ, గన్నవరం దగ్గర చినఅవుటపల్లి సిద్ధార్థ దంత కళాశాలలోనూ పిల్లల దంత వైద్య విభాగాలు ఉన్నాయి. రెండో అభిప్రాయానికి వెళ్లవచ్చు.

ఇక మీరు చెప్పవలసినవి. బిడ్డ రాత్రి గురక పెడుతుందా, నోరు తెరచి నిద్రపోతుందా, నిద్రలో ఊపిరి ఆగి ఉలిక్కిపడుతుందా అన్నది నేను అన్నిటికంటే ముందు అడుగుతాను, ఎందుకంటే పెద్ద టాన్సిల్స్ ఉన్న బిడ్డకు గొట్టం లేని మత్తు ప్రమాదకరం. ఆయాసం, పిల్లికూతలు, ఫిట్స్, గుండె జబ్బు, కుటుంబంలో ఎవరికైనా మత్తు తేడా చేసిన సంఘటన, ఊగుతున్న పళ్లు, వాడుతున్న ప్రతి మందు చెప్పండి. మిర్చి యార్డు చుట్టుపక్కల ఉండే పిల్లల్లో సీజన్‌లో దగ్గు ఉంటే, "ఆ ఘాటుకు మామూలేనండీ" అని మీరు అనుకున్నా సరే, నాకు చెప్పాలి. జలుబు, జ్వరం, గళ్లతో దగ్గు ఉంటే తగ్గిన తరువాత రెండు నుంచి నాలుగు వారాలు ఆగడం మేలు. సెలవు పెట్టుకున్నామనీ, ఊరి నుంచి వచ్చామనీ ఆ దగ్గును దాచకండి. ముందు రోజు రాత్రి బాగా నిద్రపోతుందని జలుబు సిరప్ పట్టించడం, గసగసాలు నూరి పాలలో కలపడం వంటివి చేయకండి. ఆ మగత మా మందుకు తోడై లోతు పెంచుతుంది. బరువు ఆ రోజే తూయించండి. పదిహేను కిలోల బిడ్డకు తిమ్మిరి సూదిలోని లిగ్నోకైన్ కిలోకు 4.4 మిల్లీగ్రాముల చొప్పున 66 మిల్లీగ్రాములు హద్దు అనుకుంటే, 2 శాతం మందులో అది 3.3 మిల్లీలీటర్లు మాత్రమే. ఎక్కువ పళ్లు ఒకేసారి చేసేటప్పుడు ఆ హద్దు త్వరగా వచ్చేస్తుంది కనుక రెండు కిలోల తేడా కూడా లెక్కలోకి వస్తుంది.

కడుపు ఖాళీ

మత్తులో గొంతుకు కాపలా ఉండదు. కడుపులో ఉన్నది పైకి వస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అందుకే ఈ గంటలు: పూరీ, గారె, బిర్యానీ వంటి నూనె పదార్థాలకు 8 గంటలు, ఇడ్లీ వంటి తేలిక ఆహారానికీ పాలకూ 6 గంటలు, తల్లిపాలకు 4 గంటలు, మంచినీళ్లకు 2 గంటలు. మజ్జిగ, హార్లిక్స్, గుజ్జు ఉన్న పళ్లరసం నీళ్ల లెక్కలోకి రావు. రెండు గంటల ముందు వరకు నీళ్లు తాగించడం అనుమతి మాత్రమే కాదు, అవసరం కూడా. మే నెల ఎండలో దాహంతో వచ్చిన బిడ్డ నీరసించి మరింత బెదురుతుంది. వీలైనంతవరకు ఉదయం మొదటి సమయమే అడగండి. నైట్రస్ ఒక్కటే అయితే ఇంత కఠినంగా అడగకపోవచ్చు గానీ, అప్పుడు కూడా కడుపు నిండా తినిపించి తీసుకురావద్దు.

తెనాలి వైపు నుంచి వచ్చిన నాలుగేళ్ల బాబును ఒక ఉదయం థియేటర్‌లోకి తీసుకుపోబోతూ, ఎత్తుకున్నప్పుడు చొక్కా జేబు దగ్గర ఏదో పొడిపొడిగా తగిలింది. వేలితో తీసి చూస్తే బిస్కెట్ పొడి. తల్లి ముఖం పాలిపోయింది, ఆమెకు నిజంగానే తెలియదు. బయట కూర్చున్న నాయనమ్మ ఏడుస్తూ చెప్పింది: "పసివాడమ్మా, ఆకలికి ఆగలేకపోతుంటే ఆటోలో పాలల్లో ముంచి ఒక్క బిస్కెట్టే పెట్టాను." ఆ రోజు ఆపరేషన్ ఆపేశాం. వారం తరువాత అదే నాయనమ్మ రాత్రంతా కాపలా ఉండి మరీ వాణ్ణి తీసుకొచ్చింది. ఆమెది ప్రేమే. కానీ ఎందుకు పెట్టకూడదో ఆమెకు ఎవరూ చెప్పలేదు. తల్లికి చెబితే ఇల్లంతటికీ చెప్పినట్లేనని మేము అనుకున్నాం, అది మా పొరపాటు. అప్పటి నుంచి బిడ్డతో వచ్చిన ప్రతి పెద్దమనిషినీ కూర్చోబెట్టి చెబుతున్నాను. మీరు కూడా ఇంట్లో అందరికీ చెప్పండి. తెలియక తినిపించారని తేలితే దాచకుండా చెప్పండి. మేము ఎవరినీ కోప్పడం, వాయిదా వేస్తాం, అంతే.

బిడ్డతో ఏం చెప్పాలి

"అల్లరి చేస్తే డాక్టరు చేత సూది వేయిస్తా" అనే మాట ముందుగా ఇంట్లోంచి పోవాలి. ఏళ్ల తరబడి ఆ మాట విన్న బిడ్డ దృష్టిలో సూది అంటే శిక్ష, మేము శిక్షించేవాళ్లం. అలాగని "ఏమీ చేయరు, ఊరికే చూస్తారు" అని అబద్ధం చెప్పి తీసుకురావద్దు. అది బయటపడ్డాక బిడ్డ మిమ్మల్ని కూడా నమ్మదు. "పన్ను పుచ్చి పాడైంది, డాక్టరు శుభ్రం చేస్తారు, ముక్కుకు టోపీ పెడతారు, నిద్ర వస్తుంది, లేచేసరికి అమ్మ పక్కనే ఉంటుంది" అని ముందు రోజు సాయంత్రం చెబితే చాలు. మరీ వారం ముందు చెబితే వారమంతా భయపడుతుంది. రెండు రోజులు ఇంట్లో టీ వడగట్టే జల్లెడ వంటిది ముక్కు దగ్గర పెట్టి ఊపిరి ఆట ఆడించిన పిల్లలు మాస్కును సులభంగా ఒప్పుకోవడం నేను చాలాసార్లు చూశాను. ఇష్టమైన బొమ్మనో, తలగడ గుడ్డనో వెంట తెచ్చుకోనివ్వండి. గోళ్ల రంగు తుడిచి పంపండి. ఆషాఢంలో ముదురుగా పండిన గోరింటాకు ఉంటే చెప్పండి, ఆక్సిమీటర్ సరిగా చదవకపోవచ్చు కనుక వేరే చోట తగిలిస్తాం. నిద్ర పట్టే వరకు తల్లి గానీ తండ్రి గానీ లోపల ఉండవచ్చా అని అడగండి. కళ్లు పైకి తేలడం, చేతులు ఒక్కసారి అదరడం మామూలే. అవి చూసి తట్టుకోగలిగినవారే లోపలికి రండి.

మెలకువ, ప్రయాణం, ఆ రాత్రి

పూర్తి మత్తు నుంచి లేచేటప్పుడు రెండు నుంచి ఆరేళ్ల పిల్లలు కొందరు తల్లిని కూడా గుర్తుపట్టనట్టు పది ఇరవై నిమిషాలు పెనుగులాడుతూ ఏడుస్తారు. నొప్పి వల్లే అనుకొని తల్లిదండ్రులు తల్లడిల్లిపోతారు. ఎత్తుకొని, దెబ్బ తగలకుండా చూసుకుంటూ, తక్కువ గొంతుతో మాట్లాడుతూ ఉంటే అది తగ్గిపోతుంది, తరువాత బిడ్డకు గుర్తుండదు. ముక్కులో గొట్టం వేసి ఉంటే కాస్త రక్తపు చారిక, గొంతు నొప్పి ఉండవచ్చు. తనంతట తాను కూర్చొని, మాటకు మాట చెప్పి, ఎవరూ కదిలించకపోయినా మెలకువగా ఉండగలిగే వరకు ఇంటికి పంపకూడదు. "బెంజి సర్కిల్ దగ్గర ట్రాఫిక్ పెరుగుతుంది, తొందరగా పంపండి" అని మమ్మల్ని ఒత్తిడి చేయకండి.

బైకు మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టి తీసుకుపోవద్దు. తల వాలి గాలి ఆగినా ముందున్నవారికి తెలియదు. కారులోనో ఆటోలోనో ఇద్దరు పెద్దవాళ్లు ఉండాలి. ఒకరి పని బిడ్డ గడ్డం ఛాతీకి ఆనకుండా చూస్తూ ఉండడమే. సత్తెనపల్లి, నూజివీడు వంటి దూరపు ఊళ్ల వారు ఆ రాత్రి పట్టణంలో బంధువుల ఇంట ఆగడం ఉత్తమం.

ఇంటికి వచ్చాక ముందు గుక్కెడు నీళ్లు, అది నిలిస్తే మెత్తని సగ్గుబియ్యం జావ, ఆపైన చల్లారిన పెరుగన్నం. తిమ్మిరి రెండు మూడు గంటలు ఉంటుంది. ఆ వేళ పెదవి, బుగ్గ కొరుక్కొని మరునాటికి బూరెలా వాచిన పిల్లలు చాలామంది ఉన్నారు కనుక తిమ్మిరి వదిలే వరకు నమిలే ఆహారం పెట్టక, కనిపెట్టి ఉండండి. పన్ను పీకి ఉంటే ఆ రోజు స్ట్రాతో తాగించకండి, గట్టిగా పుక్కిలించనివ్వకండి. నొప్పికి వైద్యులు రాసిచ్చిన పారాసిటమాల్ చాలు, సాధారణంగా కిలోకు 15 మిల్లీగ్రాముల చొప్పున. ఆస్పిరిన్ వద్దు, కోడీన్, ట్రమడాల్ ఉన్న మందులు పన్నెండేళ్లలోపు పిల్లలకు అసలే వద్దు. సైకిలు, మేడ మెట్లు, ఈత ఆ రోజుకు మానిపించండి. ఒకసారి వాంతి అయితే కంగారుపడనక్కరలేదు, మళ్లీ మళ్లీ అయితే ఫోను చేయండి.

ఆ రాత్రి బిడ్డను పక్కకు తిప్పి మీ దగ్గరే పడుకోబెట్టుకోండి. నిద్రలో రెండు మూడు సార్లు చొక్కా పైకి తీసి ఛాతీ చూడండి; నెమ్మదిగా, సమంగా లేచి పడుతుండాలి. ఊపిరితో పాటు పక్కటెముకల నడుమ చర్మం లోపలికి గుంజుకుపోతున్నా, గురక వంటి శబ్దం కొత్తగా వస్తున్నా, పెదవులు నీలంగా మారినా, పేరు పెట్టి తట్టి లేపితే కళ్లు తెరవకపోయినా, గడ్డం పైకెత్తి పట్టుకొని 108కి ఫోను చేయండి. మాకు ఆ తరువాత చెప్పవచ్చు.